మొయిన్ భాయ్‌కి పోయిన లీకేజీ ఉత్తరం

చాయ్‌లు చెప్పుండ్రి ముందుగాల. చెప్త. మీరు నవ్వకుంట ఇంటరంటె నేను నమ్మ గాని, జెర మెల్లగ నవ్వుండ్రి. మా అపార్ట్‌మెంటోళ్లు కూడ ఈ హోటల్‌కే వస్తరు.

ఈ పది పన్నెండు రోజులల్ల ఏమైందంటె, నేను చెయ్యని తప్పొకటి మా అసోసియేషన్ మీటింగుల నేనే ఒప్పుకున్నట్టయింది. నిజంగ చేసిన తప్పేమో బాత్రూమ్‌ల నిలవడి మూడుసార్లు ఒర్రి చెప్పిన, అది ఇన్నోళ్లంత "పోనీ తియ్యన్నా, ట్యాంక్ నీళ్లే గదా" అన్నరు. రెండు కవర్లు తెచ్చిన తిప్పలిది. మొదటి సంది చెప్త.

నేను బొల్లారంల ఒక మందుల కంపెనీల బాయిలర్ ఆపరేటర్‌గ చేసి రిటైరైన సంగతి మీకు తెలుసు. ఇప్పుడు కిష్టారెడ్డిపేట ఫ్లాట్ల నేను, మా సుగుణ. రెండో అంతస్తు, 202. ఇల్లు మంచిదే. బాత్రూమ్ కప్పే, ఆరు నెలల సంది కారుతున్నది. ఎక్కువ గాదు. ఒక్కొక్క చుక్క. స్నానానికి పీట మీద కూసుంటె సరిగ్గ నడినెత్తి మీద పడ్తది. పీట జరుపుకుంటె, మరుసటి దినానికి చుక్క కూడ జరుగుతది.

పైన 302ల కిరాయికున్నోళ్లను అడిగితె ఓనర్‌ను అడగమన్నరు. ఓనర్‌ను అడిగితె సెక్రటరీని అడగమన్నడు. మా సెక్రటరీ ప్రభాకర్ గారు మంచి మనిషే గాని, కాయితం మనిషి. పటాన్‌చెరుల ఏదో ఆఫీసుల పని చేస్తడు. ఏం చెప్పినా ఒక్కటే మాట. "రాసి ఇవ్వండి నర్సింలు గారూ. నోటిమాటతో నేనేం చెయ్యలేను. కవర్లో పెట్టి అసోసియేషన్ డబ్బాలో వెయ్యండి, ఫైల్ చేస్తాను."

సరే, రాస్త అనుకున్న. రాయలే. నెలలు గడిచినయి.

గా నడుమల బొంతపల్లిల ఒక పెండ్లికి పోయిన. మాతోని కంపెనీల పని చేసిన సత్తయ్య కలిసిండు ఆడ. బువ్వ తినుకుంట ఆ మాట ఈ మాట చెప్తుంటె, నడుమల అన్నడు. "మొయిన్ భాయ్ సదాశివపేటల ఉన్నడు, ఎరుకేనా? నల్లాల పని చేస్తడు. చెవులు సరిగ్గ ఇనపడయి పాపం. ఫోన్ జేస్తె ఎత్తడు, ఎత్తినా సగం అర్థం గాదు."

నా చేతుల ముద్ద చేతులనే ఉండిపోయింది.

మొయిన్ భాయ్ మా కంపెనీల పైప్ ఫిట్టర్. నాకంటె నాలుగైదేండ్లు పెద్ద. నేను కొత్తగ చేరినప్పుడు బాయిలర్ అంటె భయం నాకు. ఆయనే దగ్గరుండి నేర్పిండు. ఏ శబ్దమొస్తె మంచిది, ఏ శబ్దమొస్తె ఉరకాలె, అన్ని. కంపెనీ బస్సుల ఇద్దరం ఒక్క సీటు. నా టిఫిన్ డబ్బల పప్పు ఆయనకు, ఆయన డబ్బల ఖీమా నాకు. మా బిడ్డ తొట్టెల ఫంక్షన్‌కు వచ్చి, తొట్టె గొలుసు వదులున్నదని జేబుల నుంచి పానా తీసి బిగించిన మనిషి. ఫంక్షన్‌కు కూడ పానా పెట్టుకొని వచ్చిండు.

మా బిడ్డకు రెండు నెలలున్నప్పుడు అయ్యింది అది. పొద్దటి షిఫ్టు. స్టీమ్ పోయే పైపు జాయింటు కారుతున్నదని మొయిన్ భాయ్ బోల్టులు బిగిస్తున్నడు. నేను వాల్వ్ కాడ నిలవడ్డ. "నేను చెయ్యి ఊపేదాంక వాల్వ్ ముట్టకు" అన్నడు. సరే అన్న. సూపర్‌వైజర్ జల్దీ జల్దీ అని ఒర్రుతున్నడు. జెర సేపైనంక మొయిన్ భాయ్ చెయ్యి లేసింది. తిప్పిన.

ఆయన ఊపలే. ఎందుకు లేపిండో నాకు తెల్వదు గాని, ఊపలే. జాయింటు ఎగిరింది. తెల్లగ ఆవిరి తప్ప ఏం కనవడలే. ఆయన మోచేతి కింద అంత కాలింది. మందు బ్యాచ్ మొత్తం ఖరాబైంది.

రెండో దినం ఆఫీసుల పిలిచి అడిగిన్రు. ఫిట్టర్ బోల్టులు సరిగ్గ బిగియ్యలే అని ఆళ్లే ముందుగాల అనుకున్నరు. పదిమంది ముంగట ఆయనను అనరాని మాటలన్నరు. నేను పక్కకే ఉన్న. నౌకరి పోతదని భయం. ఇంట్ల పసిపిల్ల. నోరు తెరవలే. ఆయన నన్ను ఒక్కసారి జూసిండు. నేను చెప్తనని ఎదురుజూసిండు. తర్వాత చూపు తిప్పుకున్నడు. తెల్లారి సంది గేటు లోపలికి రానియ్యలే ఆయనను.

ఇరవై ఏడేండ్లు. సుగుణకు కూడ చెప్పలే నేను. మొయిన్ అన్న ఎందుకొస్తలేడని అడిగితె, వేరే కంపెనీకి పోయిండన్న.

సత్తయ్య పెండ్లి పత్రిక ఎనుక అడ్రస్ రాసిచ్చిండు. ఫోన్ ఇనపడదు. ఎదురుంగ పోయే ధైర్యం లేదు. ఇగ మిగిలింది ఉత్తరమొక్కటే.

ఎప్పుడన్న రాసిన్రా మీరు ఉత్తరం, ఈ నడుమల? నేను కూసున్న. ఒక కాయితం చింపిన. రెండోది చింపిన. ఒకదాంట్ల క్షేమసమాచారాలు రాస్తె నాకే సిగ్గయింది. ఇంకొకదాంట్ల నా తరఫు ముచ్చట అంత చెప్పుకున్న, అది చదివితె వకీలు రాసినట్టున్నది. ఐదు చింపినంక ఆరోది పొట్టిగ రాసిన. సుగుణ వచ్చి చూసి, "ఎట్లాగూ పెన్ను పట్టినవు గదా, గా సెక్రటరీకి బాత్రూమ్ సంగతి కూడ రాసెయ్యి" అన్నది. అది రాసుడు ఈజీ. కోపముంటె చెయ్యి గడగడ ఉరుకుతది. కంపెనీల పెద్ద సార్లకు అర్జీలు రాసిన అలవాటు, పుస్తకాల భాషల దంచిన.

రెండు కవర్ల మీద అడ్రస్‌లు రాసి పెట్టుకున్న. ఒకటి సదాశివపేటకు, ఎనుక మా ఇంటి అడ్రస్‌తోని, ఒకటి సెక్రటరీకి. ఇగ ఉత్తరాలు మడత పెట్టి అండ్ల పెట్టాలె. సరిగ్గ గప్పుడే బాత్రూమ్‌ల దబ్బుమని శబ్దమొచ్చింది. ఉరికిన. కప్పు పెచ్చు ఒకటి ఊడి కింద పడ్డది, నేను పోయి చూస్తుండంగనే ఇంకొకటి బకెట్ల పడ్డది. బకెట్ల నీళ్లన్ని నా మీద. కండ్లద్దాల మీద సున్నం. కడిగి, తుడిచి, అద్దాలు ఆరనీకి కిటికీల పెట్టి, అద్దాలు లేకుంటనే వచ్చి కాయితాలు మడత పెట్టిన. రెండు తెల్ల కాయితాలే. రెండు ఒక్క తీరుగ కనవడ్డయి. అంటుపెట్టిన. సెక్రటరీది కింద డబ్బాల వేసిన. సదాశివపేటది పటాన్‌చెరు పోయి పోస్టుల వేసిన. ఆ దినం ఎంత తేలికయిందో పానం. వచ్చేటప్పుడు మిర్చీలు కూడ తెచ్చిన.

ఐతారం పొద్దుగాల సెల్లార్ల మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలేసిన్రు. దానికి ముందు ఒక సంగతి చెప్పాలె మీకు. ఇరవై రోజుల కింద మా ఓవర్‌హెడ్ ట్యాంక్ నిండి పొర్లింది. మెట్ల మీదికెళ్లి నీళ్లు కిందికి దుంకి, లిఫ్టుల పోయి, రెండు దినాలు లిఫ్టు బందు. ట్యాంక్ వాల్వ్ తాళం సెక్రటరీ కాడ ఉంటది. అందరు ఆయననే పట్టుకున్నరు. "నేను వాల్వ్ ముట్టుకోలేదండీ" అని పాపం ఎంత చెప్పినా ఇనలే. ఆ దినం నేను కూడ ఆడనే ఉన్న, ఊకున్న.

మీటింగుల ప్రభాకర్ గారు లేసి నిలవడ్డడు. కండ్లు ఎర్రగున్నయి. "ట్యాంక్ విషయంలో మీరంతా నన్ను తప్పుపట్టారు. నేను పట్టించుకోను. కానీ మనలో ఒక పెద్దమనిషి నాకు ఉత్తరం రాశారు. నా జన్మలో నాకెవరూ ఇలా రాయలేదు. చదువుతాను."

చదువుతున్నడు.

"భాయ్. ఎట్లున్నవని అడిగే ముఖం లేదు నాకు. ఆ దినం వాల్వ్ తిప్పింది నేనే. ఏ దినమో నీకు చెప్పే పని లేదు. అందరి ముంగట నువ్వు మాటలు పడుతుంటె పక్కకే నిలవడ్డ, ఒక్క మాట అనలే. నువ్వు నన్ను ఒక్కసారి జూసినవు. ఆ చూపు నన్ను ఇడుస్తలేదు. మాఫ్ చెయ్యమని అడుగుతలేను. నువ్వు తప్పు చెయ్యలే అని ఒక్కరన్న చెప్పాలె గదా. నేను చెప్తున్న. నీ నర్సింలు."

మొదటి రెండు మాటలకు నాకు సమజ్ కాలే. ఎవరో మంచిగ రాసిన్రు అనుకున్న. వాల్వ్ అన్నంక, కాళ్ల కింది నుంచి చల్లగ ఎక్కింది. నా మాటలు ఆయన నోట్ల నుంచి వస్తున్నయి.

అందరు నా దిక్కు తిరిగిన్రు. 402ల ఉండే సరోజమ్మ "నువ్వేనా అన్నా?" అన్నది. కింద 102ల ఉండే రాజిరెడ్డి కుర్చీ నా దిక్కు తిప్పుకున్నడు. నేను లేసి, "అది మీకు రాసింది కాదు సార్" అందామనుకున్న. అంటె, మల్ల ఎవరికి రాసినవ్ అంటరు. ఏ వాల్వ్ అంటరు. అదంత చెప్పాలె. ఇంకొక సంగతి కూడ ఉన్నది. అందరు నన్నే జూస్తుంటె, నా తప్పు గాని తప్పుకు నేను నడుమల నిలవడితె, ఎట్లుంటదో గప్పుడు తెలిసింది నాకు. మొయిన్ భాయ్ ఆ దినం గిట్లనే నిలవడ్డడు గదా అనిపించింది. ఏం మాట్లాడలే.

ప్రభాకర్ గారు వచ్చి నన్ను అలుముకున్నడు. "నన్ను భాయ్ అన్నారండీ" అన్నడు, మెల్లగ. ఇంత పెద్ద మనసున్న మనిషికి శిక్ష ఏంది అని అందరు అనుకున్నరు. అనుకొని, ఒక నెల రోజులు పొద్దుగాల ఆరుగంటలకు మోటార్ ఏసుడు బంద్ చేసుడు నాకు అప్పజెప్పిన్రు. అందుకే ఈ నడుమల చాయ్‌కి ముందుగాల వస్తున్న.

మెట్లెక్కుతుంటె సుగుణ అడిగింది. "ట్యాంక్ వాల్వ్‌తోని నీకేం పనయ్యా? ఎందుకు తిప్పినవు?"

ఆమె కూడ నమ్మింది.

ఇంట్లకు పోయినంక మొత్తం చెప్పిన. కూసోని ఇన్నది. "ఇన్నేండ్ల సంది నీతోని ఉన్న. ఇది తెల్వదు నాకు" అన్నది. తిడితె మంచిగుండు. తిట్టలే. లేసి పోయి చాయ్ పెట్టింది. గ్లాసు నా ముంగట పెట్టి, "ఆ ఉత్తరం సెక్రటరీకి పోతె, మొయిన్ అన్నకు ఏం పోయింది?" అన్నది.

నిజంగ చెప్తున్న, అప్పటిదాంక నాకు ఆ ఆలోచనే రాలే. చాయ్ గొంతుల అడ్డం పడ్డది. ఏం రాసిన్నో అక్షరం అక్షరం యాదికున్నది నాకు.

"అయ్యా, ఫ్లాట్ నంబరు 202 నందు గత ఆరు మాసములుగా నీరు కారుచున్నది. ఇట్టి విషయము పలుమార్లు విన్నవించినను తమరు పెడచెవిన పెట్టినారు. ఇది పూర్తిగా తమరి నిర్లక్ష్యమే. ఇకనైనను తమరు స్వయముగా వచ్చి లీకేజీని సరిచేయగలరు. లేనిచో జరుగు నష్టమునకు తమరే బాధ్యులు."

చెవులు ఇనపడని మనిషికి పెడచెవిన పెట్టినారని రాసిన. ఒక లీకేజీ ఆయన నెత్తిన పడేసి ఇరవై ఏడేండ్లు ఊకున్నోన్ని, మొదటిసారి ఉత్తరం రాసి, ఇంకొక లీకేజీ కూడ నీ నిర్లక్ష్యమే అన్న.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పో" అన్నది సుగుణ.

సోమవారం పొద్దుగాల మోటార్ డ్యూటీ చేసి, తానం చేసి, ఇస్త్రీ అంగీ తొడుక్కుంటున్న. బెల్లు మోగింది. సుగుణ తలుపు తీసింది. తీసి, పక్కకు జరిగింది.

మొయిన్ భాయ్.

గడ్డం మొత్తం తెల్లగైంది. మనిషి జెర వంగిండు. భుజానికి ఖాకీ రంగు గుడ్డ సంచి, అండ్లకెళ్లి పైపు పానా పిడి బయటికి కనవడ్తున్నది. చేతుల నా ఉత్తరం. దానిని నాకు చూపెట్టి, "లీకేజీ ఏడ?" అన్నడు.

"భాయ్, అది నీకు రాసింది..." అన్న.

"ఏడ?"

బాత్రూమ్ దిక్కు చెయ్యి చూపెట్టిన. చెప్పులిడిసి, లోపలికి పోయి, కప్పు దిక్కు జూసుకుంట నిలవడ్డడు. చెయ్యి పైకి లేపి తడి తాకి జూసిండు. అంగీ చెయ్యి జారి, మోచేతి కింద ఆ కాలిన మచ్చ కనవడ్డది. ఇప్పటికీ తెల్లగ, ముడతలు ముడతలుగ ఉన్నది.

ఇగ ఆగలేకపోయిన.

"భాయ్, ఆ దినం వాల్వ్ తిప్పింది నేనే" అన్న.

"ఆఁ?" అని చెవి కాడ చెయ్యి పెట్టుకున్నడు.

"వాల్వ్ తిప్పింది నేనే భాయ్" అన్న, జెర గట్టిగ.

"ఇనపడ్తలేదు. గట్టిగ చెప్పు."

ఒర్రిన. ఉన్న బలమంత పెట్టి ఒర్రిన. "వాల్వ్ తిప్పింది నేనే. తప్పు నాది. నీది కాదు. నీ మీద పడ్తుంటె ఊకున్న."

మా బాత్రూమ్ కిటికీ డక్టులకు ఉంటది. అన్ని ఫ్లాట్ల బాత్రూమ్ కిటికీలు అండ్లకే. నా గొంతు కింది నుంచి మీది దాంక పోయింది. పైన సరోజమ్మ కిటికీల నుంచి, "నర్సింలన్నా, ఇంక ఎన్నిసార్లు చెప్తవన్నా, నిన్ననే మాఫ్ చేసినం గదా. మనసుల పెట్టుకోకు" అన్నది. కింది నుంచి రాజిరెడ్డి, "పోనీ తియ్యన్నా, ట్యాంక్ నీళ్లే గదా" అన్నడు.

మొయిన్ భాయ్ కప్పు దిక్కు జూసిండు, కింది దిక్కు జూసిండు.

"ఆమె ఎందుకు మాఫ్ చేస్తున్నది నిన్ను?" అని అడిగిండు.

"నీకు ఇనపడ్డదా?"

"కుడి చెవి పోయింది. ఎడమది మంచిగనే ఉన్నది. నువ్వు ఎడమ దిక్కే ఉన్నవు."

"మల్ల నేను చెప్పింది..."

"మొదటిసారే ఇనపడ్డది."

"మరెందుకు భాయ్ మూడుసార్లు చెప్పిచ్చినవు?"

సంచి కింద పెట్టి, పానా బయటికి తీసిండు. "ఇరవై ఏడేండ్లు ఆగిన నర్సింలు. మూడుసార్లు ఇంటె నీదేం పోతది?"

ఇగ నేను ఆడనే, తడి పీట మీద కూసున్న. ఇస్త్రీ అంగీతోనే. నెత్తి మీద చుక్క పడ్డది.

ఆయన పైన 302కు పోయిండు. ఎన్క నేను. కిరాయోళ్లు తలుపు తీస్తె, పని మనిషి లెక్కనే లోపలికి పోయి, బాత్రూమ్ మూలకున్న జాలి లేపి, లోపల చెయ్యి పెట్టి, కండ్లు మూసుకున్నడు. "గిది" అన్నడు. నీళ్లు పోయే పైపు మూతి కాడ పగిలింది. అంతే. ఆరు నెలల నుంచి నేను తిరుగుతున్న పని గంటన్నరల అయిపోయింది. పని చేసుకుంట మెల్లగ చెప్పిండు. నేను సిమెంట్ కలుపుకుంట ఇన్న.

"మొదలు మూడేండ్లు నిన్ను తిట్టని దినం లేదు. తర్వాత పనిల పడ్డ. సదాశివపేటల సగం ఇండ్ల నల్లాలు నావే. మెల్లగ తగ్గింది కోపం. మొన్న కవర్ మీద నీ రాత జూసి గుండె ఝల్లుమన్నది. మాఫీ అడుగుతుండు కావచ్చు అనుకున్న. తెరిస్తె, తమరి నిర్లక్ష్యం. మొత్తం కోపం మల్ల వచ్చింది. మా బేగం అన్నది, ఇది మీకు రాసింది కాదేమో, ఎవరిదో ఇందుల పడ్డది అని. నేనన్న, కవర్ మీద పేరు నాదే ఉన్నది గదా."

"మరెందుకొచ్చినవు భాయ్?"

"స్వయముగా రమ్మని రాసినవు గదా. సంచి తీసుకొని బస్సెక్కిన. నిన్ను కొట్టుడా, లీకేజీ చూసుడా, అది ఆడికి పోయినంక చూద్దామనుకున్న." సిమెంట్ సాపు చేసిండు. "లీకేజీ ముందుగాల కనవడ్డది."

కింద సెక్రటరీకి ఎవరో చెప్పిన్రు, నర్సింలన్న ఎవరినో తెచ్చి 302ల పని చేపిస్తున్నడని. ప్రభాకర్ గారు పైకొచ్చిండు. మీటింగుల ట్యాంక్ సంగతి అప్పటికే నేను చెప్పిన గదా, వచ్చినోన్ని మొయిన్ భాయ్ ట్యాంక్ కూడ చూపెట్టమన్నడు. మేడ మీదికి పోయినం. మూత తీసి, లోపలికి వంగి జూసి, నవ్విండు. "ఇది ఎవ్వలూ తిప్పలే సాబ్. నీళ్లు నిండంగనే బంద్ చేసే గుండు ఉంటది గదా, అది ఇరిగి అడుగున పడ్డది."

ప్రభాకర్ గారు నా దిక్కు జూసిండు. "మరి మీరు నాకు రాసిన..."

చెప్పిన. మొయిన్ భాయ్‌ని చూపెట్టి, కవర్లు, అద్దాలు, సున్నం, అన్ని చెప్పిన. ఆ మనిషి ముఖం చూస్తె నాకే పాపమనిపించింది. కిందికి పోయి, ఫైల్ పట్టుకొచ్చిండు. అండ్లకెళ్లి నా ఉత్తరం తీసిండు. ఫైల్‌కు పెట్టేటందుకు దానికి అప్పటికే రెండు రంధ్రాలు కొట్టిండు. రెండు చేతులతోని మొయిన్ భాయ్‌కి ఇచ్చిండు. "మీదండీ ఇది. నేను చదివినందుకు ఏమనుకోకండి" అన్నడు.

మొయిన్ భాయ్ కండ్లద్దాలు పెట్టుకొని, ట్యాంక్ గోడ నీడకు కూసోని చదివిండు. మెల్లగ చదివిండు. ఒకసారి అయినంక మల్ల మొదటి సంది చదివిండు. ప్రభాకర్ గారు, నేను, పక్కకు నిలవడ్డం, ఇద్దరం దోషుల లెక్క.

"ఒక్కటి అడుగుత" అన్నడు. "ఎందుకు తిప్పినవు? అదొక్కటి తెల్వలే నాకు. నేను ఊపలే గదా."

"నీ చెయ్యి లేసింది భాయ్. నేను ఊపినవనుకున్న."

ఆయన ఆలోచించిండు. కండ్లు మూసుకొని, ఆ దినం ఎట్ల కూసున్నడో గట్లనే కూసోని, ఎడమ చేత పానా పట్టుకున్నట్టు పెట్టి, కుడి చెయ్యి పైకి లేపిండు. లేపి, నొసలు తుడుసుకున్నడు.

"చెమట" అన్నడు. "చెమట తుడుసుకున్న రా."

ఇద్దరం ఒకల మొకం ఒకలం జూసుకున్నం. ఎవరు ముందుగాల నవ్విన్రో తెల్వదు. నవ్వి నవ్వి నాకు కండ్లెంబడి నీళ్లొచ్చినయి. ఆయనకు కూడ. ఎప్పుడు నవ్వు అయిపోయి ఏడుపయిందో నాకు తెల్వదు. ప్రభాకర్ గారు మంచినీళ్ల సీసా పట్టుకొని అటు ఒకసారి ఇటు ఒకసారి ఇచ్చుకుంట నిలవడ్డడు.

తేరుకున్నంక మొయిన్ భాయ్ సాఫ్‌గ చెప్పిండు. "తిప్పినందుకు నాకు కోపం లేదు. మిషన్ల కాడ గట్లయితది. నువ్వు చెప్పకపోతివి, అది కొట్టింది నన్ను." నేను తల ఊపిన. ఆయన ఉత్తరం నాలుగు మడతలు పెట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు.

మధ్యాహ్నం మా ఇంట్లనే తిన్నడు. సుగుణ పప్పు చేసింది, పచ్చిపులుసు చేసింది. వడ్డించుకుంట, "అన్నా, ఈ మనిషి నాకు కూడ చెప్పలే ఇన్నేండ్లు" అన్నది. "చెప్తె మాత్రం నేను నిన్ను తిడుదునా?" అన్నడు ఆమెతోని మొయిన్ భాయ్, "రెండు నెలల పిల్ల తల్లివి, నిన్ను ఎవరు తిడుతరు, వీన్ని తిట్టాలె గాని." ఇద్దరు కలిసి బువ్వ తినేదాంక నన్ను తిట్టిన్రు. ఇంత మంచిగ నేను ఎప్పుడూ తినలే.

మొన్న శుక్కురారం సుగుణను తీసుకొని సదాశివపేట పోయిన. ఆ గల్లీ దొరుకుడు కష్టం కాలే, నల్లాల మొయిన్ అంటె అందరు చూపెట్టిన్రు. నేను మంచి అంగీ వేసుకున్న, తల దువ్వుకున్న, పండ్లు కొన్న. గడప కాడ నిలవడి పండ్ల సంచి ఈ చేతికెళ్లి ఆ చేతికి మార్చుకున్న. ఆయనతోని అయితె మాట్లాడిన గాని, ఆయన బేగం నన్ను ఎన్నడూ చూడలే. ఇరవై ఏడేండ్లు ఆ ఇంట్ల నా పేరు ఎట్ల ఇనపడ్డదో ఆమెకే తెలుసు.

తలుపు ఆమెనే తీసింది. పెద్ద మనిషి, తెల్ల దుపట్టా. మొయిన్ భాయ్ ఎన్క నుంచి, "ఈయనే, నర్సింలు" అన్నడు.

ఆమె నన్ను కింది నుంచి మీది దాంక జూసింది. నా ఎత్తు మీకు తెలుసు గదా, ఐదడుగులకు జెర తక్కువ. చెప్పులతోని కలిపి. మల్లొకసారి జూసింది. తర్వాత మొగనితోని అన్నది.

"ఈయననా? ఇన్నేండ్లు మీరు తిట్టిన తిట్లు ఇని, ఆరడుగుల మనిషి ఉంటడనుకున్న."

పక్కకు జరిగి, లోపలికి రమ్మన్నది. పీట ఏసింది. ఏం చెప్పాలె నేను? ఇంకింత చిన్నగయి కూసున్న.